పాత కారు ఇంజన్‌లో మడ్డి, ఆయిల్ అందకపోవడం: చాంబర్ దించి సరిచేసుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

"ఆయిల్ లైటు వెలుగుతోంది. డిప్ స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నిండుగానే ఉంది. ఏం చేయాలి?" నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు పాత మారుతి 800లు, ఎస్టీమ్‌లు, శాంత్రోలు, ఇండికాలు నడిపేవాళ్ళు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. వెంటనే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: "షెడ్డులో డీజిల్ పోసి ఫ్లషింగ్ చేయిస్తే సరిపోతుందా అన్నా?"

సరిపోదు. పైగా బాగుపడే ఇంజన్ కాస్తా పాడవుతుంది. నా 800కు అదే జరిగింది. ఒక షెడ్డులో పాత ఆయిల్ దించి, రెండు లీటర్ల డీజిల్ పోసి, పది నిమిషాలు ఇంజన్ నడిపి, కొత్త ఆయిల్ నింపారు. లైటు ఆరింది. మరునాడు హైదరాబాద్ బయల్దేరితే నార్కట్‌పల్లి దాటాక మళ్ళీ వెలిగింది. బండి పక్కకు తీసేలోపే అడుగు నుంచి టకటక మొదలైంది. చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించి చూస్తే జాలి (పంపు ఆయిల్ లాగే పైపు చివర ఉండే వడపోత) నిండా నల్లటి పెచ్చులు. టాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) కింద ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డిని డీజిల్ ఊడగొట్టింది. ఊడిన మడ్డి బయటికి రాలేదు, నేరుగా జాలికి పోయి అడ్డుపడింది.

అందుకే కింద చెప్పే పనంతా ఒకే పద్ధతి మీద నడుస్తుంది. మడ్డిని నడిచే ఇంజన్‌లో కరిగించొద్దు, విప్పి చేత్తో తీసేయాలి. రెండు రోజుల పని. పానా పట్టడం తెలిసినవాళ్ళు ఇంట్లోనే చేసుకోవచ్చు. తెలియనివాళ్ళు మెకానిక్ పక్కన నిలబడి, ఏ అడుగూ వదిలేయకుండా చేయించుకోవచ్చు.

1. లైటు వెలగగానే

ఇంజన్ ఆపేయండి. ఊరు రెండు కిలోమీటర్లే ఉందని నడపొద్దు. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) బేరింగులు ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతాయి. ఆ పొర పోయాక లోహం మీద లోహం రుద్దుకోవడానికి నిమిషం కూడా అక్కర్లేదు.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. చాలా బండ్లలో ఈ లైటు ఆయిల్ ప్రెజరు 0.3 నుంచి 0.5 బార్‌కు పడిపోయాకే వెలుగుతుంది. అంటే దాదాపు ఏమీ మిగలనప్పుడు. లైటు వెలగడం లేదంటే ఆయిల్ బాగా అందుతోందని అర్థం కాదు.

పది నిమిషాలు ఆగి, చదునైన చోట డిప్ స్టిక్ చూడండి. కింది గీత కంటే తక్కువుంటే పోసి, లైటు ఆరితే నెమ్మదిగా ఇల్లు చేరొచ్చు. ఆయిల్ నిండుగా ఉండి కూడా లైటు వెలిగితే బండిని తాడుతో లాగించుకురండి.

2. విప్పకముందు పరీక్షలు

మెకానిక్ చెవి పెట్టి విని "పంపు పోయింది" అనేస్తాడు. పంపు మార్చినా లైటు ఆరని బండ్లు నేను చాలా చూశాను. ముందు ఈ పరీక్షలు వరుసగా చేయండి.

ఆయిల్ రంగు, వాసన:
- నల్లగా ఉండి వేళ్ళ మధ్య జిగటగా పలుకులు తగిలితే మడ్డి.
- చిలికిన మజ్జిగలా, పాలు కలిపిన కాఫీలా ఉంటే కూలెంట్ లోపలికి వస్తోంది. హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కు, కింది దిమ్మకు మధ్య ఉండే ప్యాకింగ్) పని ముందు, మడ్డి పని తర్వాత. ఆ వరుస తప్పితే చేసిందంతా వృథా.
- పెట్రోల్ వాసన వచ్చి, ఆయిల్ మట్టం పోసినదానికంటే పెరిగితే ఇంధనం కలుస్తోంది. కార్బొరేటర్ 800లో ఫ్యూయల్ పంపు డయాఫ్రం చిరిగితే ఇలాగే అవుతుంది. పంపు మార్చకుండా ఆయిల్ మార్చొద్దు.

చలికాలం పొద్దున ఆయిల్ మూత లోపల మాత్రమే కొద్దిగా తెల్లటి నురుగు కనిపించి, డిప్ స్టిక్ శుభ్రంగా ఉంటే భయపడక్కర్లేదు. అది చెమ్మ పట్టడమే.

మూత లోపలి చూపు: ఆయిల్ పోసే మూత తీసి టార్చి వేయండి. లోపలి లోహం తేనె రంగులో కనిపిస్తే అది వార్నిష్, పెద్ద ప్రమాదం లేదు. తారు పూసినట్టుంటే, పుల్లతో గీకినప్పుడు ముద్దగా వస్తే, చాంబర్ దించాల్సిందే.

వైరు పరీక్ష: ఆయిల్ ప్రెజర్ స్విచ్ నుంచి వైరు పీకి తాళం ఆన్ చేయండి. లైటు ఇంకా వెలుగుతుంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఆరిపోతే లోపం స్విచ్‌దైనా కావాలి, ప్రెజరుదైనా కావాలి. అది తేల్చేది గేజు.

గేజు పరీక్ష: స్విచ్ విప్పి ఆ రంధ్రంలో మెకానికల్ ప్రెజర్ గేజు బిగించండి. జపాన్ డిజైన్ బండ్లకు ఎక్కువగా 1/8 అంగుళం టేపర్ మర సరిపోతుంది. కాయిల్ వైరు పీకి, ఇంజన్ అంటుకోకుండా సెల్ఫ్ కొట్టి చూడండి. ముల్లు కదిలితేనే స్టార్ట్ చేయండి. స్టార్ట్ చేశాక ఐదారు సెకన్లలో ముల్లు లేవకపోతే ఆపేయండి.

వేడెక్కిన ఇంజన్‌లో వెయ్యి ఆర్పీఎంకు 10 పీఎస్ఐ చొప్పున ఉండాలన్నది పాత మెకానిక్‌ల లెక్క. మీ బండి మాన్యువల్‌లో అంకె ఉంటే అదే ప్రమాణం. అంకె కంటే ముల్లు నడక ఎక్కువ చెబుతుంది:

- రేస్ ఇచ్చినప్పుడు లేచి, కాసేపటికి పడిపోయి, ఇంజన్ ఆపి పది నిమిషాలాగితే మళ్ళీ బాగుంటే: జాలికి మడ్డి అడ్డం పడింది. ఆగినప్పుడు మడ్డి జారి కింద పడుతుంది, తిప్పగానే మళ్ళీ వచ్చి అతుక్కుంటుంది.
- చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఐడిల్‌లో పడిపోతే: బేరింగులు లేదా పంపు అరిగాయి, లేదా ఆయిల్ పలచబడింది.
- ముల్లు వణుకుతుంటే: పంపు గాలి లాగుతోంది. ఆయిల్ తక్కువైనా, మరీ ఎక్కువై నురుగు కట్టినా, జాలి పైపు ఓ-రింగు పగిలినా ఇంతే.
- అసలు లేవకపోతే: జాలి పూర్తిగా మూసుకుంది, లేదా పంపు పోయింది, లేదా రిలీఫ్ వాల్వ్ (ప్రెజరు మరీ పెరిగితే ఆయిల్‌ను వెనక్కి వదిలేది) తెరుచుకుని ఇరుక్కుంది.
- గేజులో బాగుండి లైటు మాత్రం వెలుగుతుంటే: స్విచ్ మార్చండి, పని అయిపోయింది.

చాంబర్ అడుగు: బండి కింద టార్చి వేసి చూడండి. మన పల్లె దారుల్లో రాళ్ళు, ఊరి మొదట్లో ఎత్తుగా పోసిన స్పీడ్ బ్రేకర్లు చాంబర్‌కు తగలని పాత బండి ఉండదు. సొట్ట లోపలికి పోతే చాంబర్ అడుగు జాలికి ఆనుకుంటుంది. మడ్డి చుక్క లేకపోయినా అప్పుడు ఆయిల్ అందదు. దీన్ని చాలామంది పట్టించుకోరు.

3. ముందే తెచ్చిపెట్టుకోవాల్సినవి

- రెండు గట్టి స్టాండ్లు, చక్రాలకు అడ్డాలు
- టార్క్ రెంచి, సాకెట్ సెట్, ప్లాస్టిక్ గీకుడు బిళ్ళలు లేదా వెదురు పుల్లలు
- చాంబర్ ప్యాకింగ్ లేదా అనబాండ్ లాంటి ఆయిల్‌కు తట్టుకునే సిలికాన్, టాపెట్ కవర్ ప్యాకింగ్
- డ్రెయిన్ నట్ వాషరు, జాలి పైపు ఓ-రింగు
- నాలుగు ఆయిల్ ఫిల్టర్లు, నాలుగుసార్లకు సరిపడా ఆయిల్
- విప్పిన భాగాలు కడగడానికి ఐదు లీటర్ల డీజిల్, కార్బ్ క్లీనర్ డబ్బాలు రెండు, నైలాన్ బ్రష్షులు
- పాత నూలు లుంగీ గుడ్డలు, రబ్బరు చేతి తొడుగులు
- పాత ఆయిల్ పట్టడానికి వెడల్పు తొట్టి, మూతున్న డబ్బా

బనియన్ వేస్టు మాత్రం వాడొద్దు. బయట చేతులు తుడుచుకోవడానికి సరే, ఇంజన్ లోపల తుడిస్తే దాని పోగులు ఊడి జాలికి చుట్టుకుంటాయి. ఏ రోగానికి మందు వేస్తున్నామో ఆ రోగమే మళ్ళీ తెచ్చుకున్నట్టు.

ఇటుకల మీద, రాళ్ళ మీద బండి నిలబెట్టి కింద దూరొద్దు. బరువు పడితే ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఒక్క జాకీని నమ్మి కూడా పడుకోవద్దు. డీజిల్‌తో కడిగే చోట బీడీ, సిగరెట్ వెలిగించొద్దు. బ్యాటరీ నెగటివ్ వైరు ముందే విప్పేయండి.

4. ఆయిల్ దించడం, ఫిల్టర్ కోసి చూడడం

మామూలుగా ఇంజన్ వేడి చేసి ఆయిల్ దించమంటారు. ప్రెజరు లేని ఇంజన్‌ను వేడి చేయడానికి నడపడమే ప్రమాదం. మన ఎండే ఆ పని చేస్తుంది. వేసవైతే బానెట్ ఎత్తి రెండు గంటలు ఎండలో నిలబెట్టండి. చలికాలమైతే డ్రెయిన్ నట్ విప్పి రాత్రంతా కారనివ్వండి.

పోసిన ఆయిల్ ఎంత, దిగింది ఎంత, కొలిచి రాసుకోండి. మూడు లీటర్లు ఉండాల్సిన చోట రెండే దిగి, డిప్ స్టిక్ మాత్రం నిండుగా చూపించి ఉంటే, మిగతా చోటంతా మడ్డి ఆక్రమించుకుందన్నమాట. "ఆయిల్ నిండుగానే ఉంది, లైటు ఎందుకు?" అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

పాత ఫిల్టరును పారేయకండి. హ్యాక్సా రేకుతో కోస్తే ఇనుప రజను లోపల పడి తప్పుదారి పట్టిస్తుంది. వీలుంటే డబ్బా కటర్‌తో కోయండి. కాగితం మడతలు విప్పి ఎండలో పరిచి చూడండి:

- నల్లటి జిడ్డు మాత్రమే ఉంటే మంచి వార్త.
- మెరిసే రజను ఉండి అయస్కాంతానికి అంటితే ఇనుము: క్యామ్, రింగులు, పంపు ఏదో అరుగుతోంది.
- మెరిసే రజను అయస్కాంతానికి అంటకపోతే చాలావరకు బేరింగ్ లోహం. ఇక 7వ అంకె తప్పించుకోలేరు.

5. టాపెట్ కవర్ విప్పి పై మడ్డి తీయడం

పని పైనుంచి కిందికి సాగాలి. పైన గీకేటప్పుడు ఎంత జాగ్రత్తపడ్డా నాలుగు పలుకులు కిందికి జారతాయి. చాంబర్ తర్వాత దించుతాం కాబట్టి అవి అక్కడ దొరికిపోతాయి. చాంబర్ ముందు శుభ్రం చేసి పైది తర్వాత గీకితే ఆ పలుకులన్నీ కొత్త ఆయిల్‌లో కలుస్తాయి.

కవర్ విప్పగానే హెడ్ మూలల్లో ఆయిల్ కిందికి దిగే రంధ్రాలు వెతకండి. వాటిలో గుడ్డ ముక్కలు కుక్కండి. ఎన్ని కుక్కారో అంకె వేసి బానెట్ మీద అతికించుకోండి. చివర్లో అన్నీ తిరిగి రావాలి.

ప్లాస్టిక్ బిళ్ళతో మడ్డిని ముద్దలుగా ఎత్తి డబ్బాలో వేయండి. ఇనుప స్క్రూడ్రైవర్‌తో అల్యూమినియం హెడ్ గీకొద్దు. ముద్ద వచ్చేశాక మిగిలిన పొరను కొద్దిగా క్లీనర్ తడిపిన గుడ్డతో తుడవండి. అద్దంలా చేయాలని ఆశపడకండి. గట్టిగా అంటుకున్న గోధుమ రంగు వార్నిష్ ఊడదు, హాని కూడా చేయదు. దాన్ని వదిలేయండి.

తర్వాత ఒక్కో గుడ్డ తీసి, ఆ రంధ్రంలో మెత్తని ప్లాస్టిక్ వైరు ఆడించి, కొద్దిగా డీజిల్ పోయండి. కింద డ్రెయిన్ నట్ తెరిచే ఉంచండి. పోసింది గడగడా దిగిపోవాలి. ఈ రంధ్రాలు మూసుకుంటే పంపు పైకి పంపిన ఆయిల్ పైనే నిలిచిపోతుంది. హైవే మీద వేగంగా వెళ్ళేటప్పుడు కింద చాంబర్ ఎండిపోయి లైటు వెలుగుతుంది. ఊర్లో తిరిగినంతసేపూ ఏ తేడా ఉండదు. జాతీయ రహదారి ఎక్కాక అరగంటకు లైటు వచ్చే బండ్లలో నేను ముందు చూసేది ఇక్కడే.

టాపెట్ సౌండ్ ఉన్న బండ్లలో రాకర్ షాఫ్ట్ (వాల్వులను నొక్కే రాకర్లు కూర్చునే కడ్డీ) మీద చూపు పెట్టండి. ఆయిల్ మొదలయ్యే చివర తడిగా ఉండి అవతలి చివర పొడిగా కనిపిస్తే షాఫ్ట్ లోపలి రంధ్రాలు పూడుకుపోయాయి. షాఫ్ట్ తీసి, చివరి బిళ్ళ విప్పి, సన్న రాగి తీగతో పొడిచి గాలి కొట్టాలి. రాకర్లు ఏ చోటివి ఆ చోటికే వెళ్ళేలా వరుసగా అట్టముక్కకు గుచ్చుకోండి.

కవర్ లోపలి రేకు వెనక కూడా మడ్డి దాక్కుంటుంది. దాన్ని డీజిల్‌లో రాత్రంతా నానబెట్టండి. విప్పిన భాగాలకు డీజిల్ మంచి కడుగుడు నీళ్ళలాంటిది. నడిచే ఇంజన్‌లో పోయడమే తప్పు.

6. చాంబర్ దించడం, జాలి: అసలు పని

కొన్ని కార్లలో సైలెన్సర్ ముందు పైపు, క్లచ్ హౌసింగ్ కింది రేకు విప్పితే గానీ చాంబర్ దిగదు. బోల్టులు అన్నీ విప్పాక కూడా పాత సిలికాన్ పట్టుకుని ఉంటుంది. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే అంచు వంగి జీవితాంతం లీకవుతుంది. పల్చటి పుట్టీ బ్లేడు దూర్చి చుట్టూ తిప్పి, రబ్బరు సుత్తితో పక్క నుంచి కొట్టండి.

చాంబర్ దిగగానే తుడిచేయకండి. ముందు ఫోటో తీసి, మడ్డిలో వేలు పెట్టి వెతకండి. దొరికే వస్తువులు కథ చెబుతాయి: ఎర్ర, నల్ల సిలికాన్ ముక్కలు, ప్లాస్టిక్ చైన్ గైడు పెళ్ళలు, గుడ్డ పోగులు, వాల్వ్ సీలు ముక్కలు. ప్లాస్టిక్ పెళ్ళలు కనిపిస్తే టైమింగ్ చైన్ గైడు చూడకుండా మూయొద్దు.

ఇప్పుడు జాలి. రెండు మూడు బోల్టులు విప్పి పైపుతో సహా బయటికి తీయండి. ఇంజన్‌కు ఉన్నప్పుడే బ్రష్ పెట్టి రుద్దితే మడ్డి జాలి లోపలివైపుకు పోతుంది, అక్కడి నుంచి పంపుకు పోతుంది. తీసి కడగడానికి బద్ధకించకండి.

- జాలిని డీజిల్‌లో కనీసం రాత్రంతా నానబెట్టండి.
- మెత్తని నైలాన్ బ్రష్‌తో బయటినుంచి రుద్దండి. తీగతో పొడవొద్దు, కళ్ళు చిరుగుతాయి.
- పైపు పైచివర నుంచి క్లీనర్, తర్వాత గాలి కొట్టండి. మడ్డి వచ్చిన దారినే వెనక్కి రావాలి.
- ఎండకు ఎత్తి చూడండి. ప్రతి కన్నులోంచీ వెలుతురు కనిపించాలి. బొగ్గులా గట్టిపడి నాలుగో వంతు మూసుకునే ఉంటే కొత్త జాలి కొనండి.
- ఓ-రింగు బాగున్నట్టే కనిపించినా మార్చండి. ఏళ్ళ వేడికి అది రాయిలా గట్టిపడి ఉంటుంది. దాని సందులోంచి పంపు ఆయిల్‌కు బదులు గాలి లాగుతుంది.

చాంబర్ లోపల అడ్డంగా ఒక రేకు ఉంటుంది. దాని కింద పేరిన మడ్డి పైనుంచి కనిపించదు. డీజిల్ పోసి తిప్పి తిప్పి వంపండి. శుభ్రంగా వచ్చేదాకా ఐదారు దఫాలు పడుతుంది.

సొట్ట ఉంటే లోపలినుంచి చెక్క దిమ్మ పెట్టి కొట్టించి సరిచేయండి. తర్వాత ఈ కొలత తప్పకుండా తీయండి. జాలి బిగించి, దాని అడుగుకు చపాతీ పిండి ముద్ద ఒకటి అంటించండి. ముద్దకు, చాంబర్‌కు మధ్య ప్లాస్టిక్ కాగితం ముక్క పెట్టండి. పాత ప్యాకింగుతో చాంబర్ ఆనించి నాలుగు బోల్టులు బిగించి, మళ్ళీ దించి ముద్ద మందం కొలవండి. సాధారణంగా 6 నుంచి 10 మిల్లీమీటర్లు ఉండాలి. రెండు మూడు ఉంటే చాంబర్ మార్చాల్సిందే. కొలిచాక పిండి మొత్తం తీసేసి తుడవండి.

7. బేరింగులు, పంపు

చాంబర్ ఎలాగూ దించారు కాబట్టి కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ) క్యాపు ఒకటి విప్పి చూడడం తెలివైన పని. పంపుకు దూరంగా ఉన్న సిలిండర్‌ది విప్పండి. క్యాపు దిక్కు, అంకె గుర్తు పెట్టుకోండి. బేరింగ్ మసక బూడిద రంగులో నున్నగా ఉంటే బాగుంది. గోటికి తగిలే గీతలున్నా, కిందినుంచి రాగి రంగు బయటపడినా సెట్ మొత్తం మార్చాలి.

ఖాళీ కొలవడానికి ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి ఖాళీ చెప్పే సన్న ప్లాస్టిక్ పోగు) ముక్క పెట్టి, మాన్యువల్ టార్క్‌కు బిగించి, క్రాంక్ తిప్పకుండా విప్పి చూడండి. చాలా ఇంజన్లకు 0.02 నుంచి 0.05 మిల్లీమీటర్లు మామూలు. 0.08 దాటితే ఎంత శుభ్రం చేసినా వేడి మీద ప్రెజరు నిలవదు. అడుగు నుంచి రాడ్ కొట్టుకుంటున్న శబ్దం ముందే ఉంటే ఇక్కడితో ఆపి, క్రాంక్‌ను లేత్ షాపుకు పంపండి.

మారుతి 800లో పంపు క్రాంక్ ముందు చివర, టైమింగ్ బెల్టు వెనక ఉంటుంది. బెల్టు ఎలాగూ మార్చే సమయమైతే పంపు కూడా విప్పండి. రిలీఫ్ వాల్వ్ పిస్టన్‌ను కడిగి, ఆయిల్ రాసి, దాని గూట్లో నిలువుగా వదిలితే తన బరువుకే జారాలి. ఇరుక్కుంటే అదే దొంగ. పంపు తిరిగి బిగించేముందు లోపలంతా ఆయిల్ నింపండి. పొడిగా బిగించిన పంపు మొదటి నిమిషంలో ఆయిల్ లాగలేదు.

8. మూయడం

అంచులు నూనె చుక్క లేకుండా తుడవండి. సిలికాన్ వాడితే మూడు మిల్లీమీటర్ల సన్న ధార, బోల్టు రంధ్రాల లోపలివైపు నుంచి చుట్టూ ఒకే గీతగా వేయండి. ఎక్కువ పూస్తే లీకు రాదనుకోవడం పెద్ద పొరపాటు. ఎంత ఎక్కువ బయటికి పొంగిందో అంతా లోపలికి కూడా పొంగుతుంది. ఆ పూసలు ఊడి మళ్ళీ జాలికి చేరతాయి. చాంబర్‌లో నాకు దొరికే చెత్తలో సగం పాత సిలికానే.

చిన్న బోల్టులను మధ్య నుంచి చివరలకు, ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించండి. మణికట్టు బలం చాలు, భుజం బలం వద్దు. సిలికాన్ డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వండి. ఆ తర్వాతే ఆయిల్.

ఫిల్టర్ రబ్బరుకు ఆయిల్ రాసి, చేత్తో తగిలేదాకా తిప్పి, ఇంకో ముప్పావు చుట్టు. పానా వద్దు. నిలువుగా కూర్చునే ఫిల్టరైతే ముందే ఆయిల్ నింపండి.

ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోయండి. పాత పెట్రోల్ బండ్లకు మన దగ్గర ఎక్కువగా 20డబ్ల్యు-40 లేదా 15డబ్ల్యు-40 నడుస్తుంది. ప్రెజరు తక్కువుందని చిక్కటి ఆయిల్ పోస్తే ముల్లు పైకి లేస్తుంది, బేరింగుకు చేరే ఆయిల్ మాత్రం తగ్గుతుంది. రోగం దాచుకోవడమే అది. సీలు లేని డబ్బా, విడిగా అమ్మే ఆయిల్ ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

మూసేటప్పుడు, ఆయిల్ పోశాక సరిచూసుకోండి:
- కుక్కిన గుడ్డలన్నీ లెక్కకు వచ్చాయా
- జాలి పైపు బోల్టులు బిగించారా, ఓ-రింగు కొత్తదేనా
- పిండి ముద్ద తీసేశారా
- డ్రెయిన్ నట్‌కు కొత్త వాషరు పడిందా
- ఆయిల్ రెండు గీతల మధ్య ఉందా, పైగీత దాటలేదు కదా

9. మొదటి స్టార్ట్

కాయిల్ వైరు పీకి ఉంచండి. గేజు బిగించే ఉండాలి. పది సెకన్లు సెల్ఫ్ కొట్టి, అరనిమిషం ఆగి, మళ్ళీ పది సెకన్లు. మూడు నాలుగు దఫాల్లో ముల్లు లేవాలి. స్పార్క్ ప్లగ్గులు విప్పి కొడితే బ్యాటరీకి, బేరింగులకు బరువు తగ్గుతుంది.

ముల్లు లేచాకే కాయిల్ వైరు పెట్టి స్టార్ట్ చేయండి. రేస్ ఇవ్వకండి. ఫ్యాన్ తిరిగేదాకా ఐడిల్‌లో ఉంచి, కింద లీకులు చూసి, ఆపి, పది నిమిషాల తర్వాత మట్టం సరిచేయండి.

ఆ తర్వాత పదిహేను కిలోమీటర్లు మామూలు వేగంతో నడిపి, తిరిగొచ్చి వేడి మీద ఐడిల్ ప్రెజరు, 3000 ఆర్పీఎం దగ్గర ప్రెజరు రాసుకోండి. ఇకమీద ఏ తేడా వచ్చినా పోల్చుకోవడానికి ఈ రెండు అంకెలే ఆధారం.

10. మొదటి మూడు ఆయిల్ మార్పులు

చేత్తో తీయలేని మూలల్లో ఇంకా కొంత మడ్డి మిగిలే ఉంటుంది. దాన్ని కొత్త ఆయిలే కొద్దికొద్దిగా కడిగి తెస్తుంది. అందుకే మూసేటప్పుడు వేసేదానితో కలిపి నాలుగు ఫిల్టర్లు తెమ్మన్నాను.

- 500 కిలోమీటర్లకు: ఆయిల్, ఫిల్టర్. ఫిల్టర్ కోసి చూడండి.
- ఇంకో 1000కి: మళ్ళీ రెండూ.
- ఇంకో 3000కి: మళ్ళీ. ఫిల్టర్ మడతల్లో పలుకులు లేకపోతే మామూలు లెక్కకు మారండి.

మామూలు లెక్క అంటే పాత బండికి 5000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది. ఇంటి ముందు నిలబడే బండికి కిలోమీటర్లు పెరగవు, ఆయిల్‌లో చెమ్మ పెరుగుతూనే ఉంటుంది.

దించిన పాత ఆయిల్‌ను చేను గట్టు మీద, బావి పక్కన, కాలువలో పోయకండి. అది చర్మానికి, నీళ్ళకు రెండింటికీ విషం. డబ్బాలో పట్టి పాత ఆయిల్ సేకరించేవాళ్ళకు ఇవ్వండి.

11. మడ్డి ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకోవడం

ఇది చేయకపోతే రెండేళ్ళలో మళ్ళీ చాంబర్ దించుతారు. మన దగ్గర నేను ఎక్కువగా చూసిన కారణాలు ఇవి.

తీసేసిన థర్మోస్టాట్: ఎండాకాలం బండి వేడెక్కుతోందని మెకానిక్‌లు చేసే మొదటి పని థర్మోస్టాట్ పీకేయడం. దాంతో ఇంజన్ ఎప్పుడూ సరైన వేడికి రాదు. ఆయిల్‌లో చేరిన చెమ్మ, పెట్రోల్ ఆవిరైపోవు. అక్కడే కూర్చుని మడ్డి అవుతాయి. పొద్దున కూరగాయలకు, సాయంత్రం పిల్లల ట్యూషన్‌కు రెండేసి కిలోమీటర్లు తిరిగే బండికి ఇది మరీ చేటు. కొత్త థర్మోస్టాట్ తెచ్చి, గిన్నెలో నీళ్ళు కాచి అందులో వేసి, థర్మామీటర్ పెట్టి చూడండి. దాని మీద ముద్రించిన వేడికి తెరుచుకోవాలి. బిగించాక కనీసం పది రోజులకోసారి బండిని అరగంట హైవే మీద నడపండి.

బోరు నీళ్ళు: నల్లగొండ, పాలమూరు బోరు నీళ్ళు కాచిన గిన్నెకు ఎంత తెల్లటి ఉప్పు పడుతుందో మనకు తెలిసిందే. అదే ఉప్పు రేడియేటర్ గొట్టాల్లోనూ, ఇంజన్ నీటి గూళ్ళలోనూ పడుతుంది. వేడి బయటికి పోక ఆయిల్ మాడిపోతుంది. మాడిన ఆయిలే గట్టి నల్ల పెచ్చులవుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ తప్ప వేరే నీళ్ళు పోయొద్దు. దారిలో తప్పనిసరై పోస్తే ఇంటికొచ్చాక మార్చేయండి.

మూసుకున్న బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే దారి): ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి రంధ్రం మీద కాగితం పెట్టండి. కొద్దిగా లాక్కుంటే బాగుంది. తోసేస్తుంటే ముందు బ్రీదర్ పైపు విప్పి కడగండి, పీసీవీ వాల్వ్ (ఆ ఆవిరి దారిలో ఉండే చిన్న వాల్వ్) ఉన్న బండైతే ఊపి చూడండి, లోపల గలగలమనాలి. అవన్నీ బాగున్నా తోస్తూనే ఉంటే రింగులు అరిగాయి.

దుమ్ము: మిల్లుల దగ్గర ఊక దుమ్ము, క్రషర్ల దగ్గర రాతి పొడి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె క్లిప్పులు ఊడిపోయి తీగతో కట్టిన బండ్లు ఎన్నో. సందు ఉంటే ఆ పొడి నేరుగా ఆయిల్‌కు చేరి బేరింగులను అరగదీస్తుంది.

12. పని అయ్యాక కూడా తేడా ఉంటే

ప్రెజరు బాగుంది, టాపెట్ సౌండ్ పోలేదు: హైడ్రాలిక్ లిఫ్టర్లున్న (ఆయిల్ ప్రెజరుతో ఖాళీ తమకుతామే సర్దుకునే టాపెట్లున్న) ఇంజనైతే రెండో ఆయిల్ మార్పు దాకా ఆగండి, అందులో చాలావరకు సర్దుకుంటాయి. స్క్రూ ఉన్న టాపెట్లయితే ఫీలర్ గేజ్‌తో ఖాళీ సరిచేయండి.

నీలి పొగ మొదలైంది: ఆయిల్ పైగీత దాటిందేమో ముందు చూడండి. దాటకపోతే, ఇన్నాళ్ళూ పైకి ఆయిల్ చేరక బయటపడని వాల్వ్ సీళ్ళ లోపం ఇప్పుడు కనిపిస్తోంది. సీళ్ళు మార్చాలి.

చాంబర్ అంచు నుంచి చెమ్మ: బోల్టు ఇంకా బిగించకండి, రేకు వంగుతుంది. కొన్నిరోజులు చూసి, చుక్కలు పడుతుంటే దించి మళ్ళీ అతికించాల్సిందే.

వంద, రెండొందల కిలోమీటర్లకే లైటు మళ్ళీ వెలిగింది: ఆపి, గేజు పెట్టండి. ఆపి పది నిమిషాలాగితే ప్రెజరు తిరిగి వస్తోందంటే మిగిలిన మడ్డి జాలికి చేరింది. చాంబర్ మళ్ళీ దించండి. మొదటిసారి రెండు రోజులు పట్టింది ఈసారి ఒక పూటలో అయిపోతుంది, ప్యాకింగు కూడా కొత్తదే కాబట్టి సులువుగా వస్తుంది. నా 800కు కొత్త బేరింగులు వేసి మూశాక నూట యాభై కిలోమీటర్ల దగ్గర ఇలాగే మరోసారి దించాను. జాలి మీద అరచెంచా పలుకులు దొరికాయి. ఆ తర్వాత దించాల్సిన అవసరం రాలేదు.

ఆపి ఎంతసేపు ఆగినా వేడి మీద ప్రెజరు రావడం లేదంటే అది మడ్డి సంగతి కాదు, బేరింగుల సంగతి. లేత్ షాపుకు తీసుకెళ్ళేటప్పుడు మీరు రాసుకున్న అంకెలు, కోసిన ఫిల్టర్ ఫోటోలు వెంట పట్టుకెళ్ళండి.